చెప్పుచేతలు

లియేజ్ ఆస్పత్రి నేలమాళిగలో
ఉంగరం, చెవిపోగులు, నడుం బెల్టు
ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేయించుకుని
నన్ను సొరంగంలోకి తోశారు.
నాన్న దిగే సొరంగానికైతే
దీపం తనే మోసుకెళ్ళాలి.

చెవుల్లో డాక్టర్ సెవ్రీన్ గొంతు,
నా మనవరాలి వయసుండొచ్చు:
"నివెస్ గారూ, మీ ఎడమ చెయ్యి బరువెక్కుతోంది.
తడిసిన ఇసుక మూటలా.
ఇక కదలదు."
లోపల నవ్వుకున్నాను.
ముప్పై ఒక్క ఏళ్ళు తపాలా ఆఫీసులో
ఉత్తరాల కట్టలు మోసిన చెయ్యి ఇది.
ఇసుక మూటట!

పచ్చ చుక్క వెలిగితే మీట నొక్కాలి.
వెలిగింది.
నొక్కాను.
నొక్కాననే అనుకున్నాను.
చెయ్యి, చుట్టాలు మర్చిపోయిన గొడుగులా
తొడ పక్కన పడి ఉంది.
గోళ్ళు నావే. కుట్టుమిషను సూది దిగిన మచ్చ నాదే.
నా చెప్పుచేతల్లో మాత్రం లేదు.
ఎవరూ కట్టెయ్యలేదు.
నేనూ బిగపట్టలేదు;
బిగపడితే తెలుస్తుంది కదా, ముందు పళ్ళకి తెలుస్తుంది.

తర్వాత కాగితం కప్పులో కాఫీ, తెర మీద నా మెదడు.
అక్రోటు పప్పులా ఉంటుందంటారు, నిజమే.
"ఇది చేతిని కదిలించే చోటు.
చుక్క కోసం సిద్ధంగానే ఉంది, చూడండి.
వెనకాల ఇది, మనల్ని మనం ఊహించుకునే చోటు.
ఇవాళ ఈ రెండూ ఒకదాన్నొకటి వదల్లేదు."

ఉత్తరం రాశారు, బిళ్ళ అంటించారు, సంచీలో పడింది.
దారిలో ఎవరో చిరునామా దిద్దారు.
నాకలా అర్థమైంది.

"మరి, కదలనట్టు నటించేవాళ్ళలో?"
"వాళ్ళలో వేరేగా ఉంటుంది.
ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు.
కానీ ఇలా ఉండదు."

కాఫీ చల్లారిపోయింది.

ఒత్తావియో, మా నాన్న.
అరవై ఒకటి మార్చిలో గని పైకప్పు కూలితే
ఆయన మీద ఒక్క రాయి పడలేదు.
పక్కనున్న జెలిందో మీద పడింది.
పైకొచ్చాక నాన్న కుడి చెయ్యి పడిపోయింది.
ఎముక బాగుంది, నరం బాగుంది,
సూది గుచ్చితే రక్తం వచ్చింది.
చెయ్యి రాలేదు.
ఇటలీవాళ్ళు కదా, నాటకాలన్నారు.
ఎడమ చేత్తో చొక్కా గుండీ పెట్టుకోవడానికి
ఆయన పడే అవస్థ చూసి
పక్క వీధిలో పిల్లలు అనుకరించేవాళ్ళు. నేనూ ఒకసారి.

కంపెనీ డాక్టరు మా వంటింట్లో కూర్చున్నాడు.
అమ్మ పొయ్యి దగ్గర మొక్కజొన్న జావ కలియబెడుతోంది.
నాకు చాక్లెట్ ఇచ్చి అడిగాడు:
"నాన్న చెయ్యి ఎప్పుడైనా కదిలిందా పాపా?"
నాకు ఏడేళ్ళు.
అబద్ధమాడితే ఏమవుతుందో బళ్ళో సిస్టర్లు బొమ్మ వేసి చూపించారు.
"నిద్రలో," అన్నాను.
"నిద్రలో నాకు దుప్పటి కప్పింది."

అమ్మ గరిటె ఆగిపోయింది.
ఆయన రాసుకున్నాడు.
పింఛను ఆగింది.

చేతులారా చేసుకున్నాం అంటారు లోకంలో.
నేను నోటారా చేశాను, నిజంతో చేశాను.
నాన్న ఏమీ అనలేదు.
ఆ రాత్రి మంచం అంచున కూర్చుని
పరాయి ఊరి కబురేదో అడిగినట్టు
ఒక్క మాట అడిగాడు:
"కప్పిందా?"

సెవ్రీన్‌ని ఆ బొమ్మ రెండు కాపీలు అడిగాను.
గని ఉన్న చోట ఇప్పుడు తివాచీల దుకాణం.
'చిరునామాదారు లేరు' అనే ముద్ర
ఎన్ని వేలసార్లు కొట్టానో నాకే తెలీదు.
అయినా కవరు మీద కంపెనీ పేరు రాశాను,
ఎడమ చేత్తో.
అక్షరాలు వంకరగా వచ్చాయి.
దిద్దలేదు.