వేడి లెక్క

కొమ్ముని సెగ మీద తిప్పుతూనే ఉండాలి,
ఆపకూడదు, మరీ దగ్గరకి తేకూడదు.
మెత్తబడిన ఆ ఒక్క క్షణంలో వంచితే కొంగ మెడ.
అది దాటితే కాలిన వెంట్రుకల కంపు,
ఎనిమిది రోజుల పని కుంపట్లోకి.
పర్లాకిమిడిలో మా మామ నాకు నేర్పింది ఇంతే.
కొలత ఎంత మామా అంటే
వేలు చెప్తుంది అనేవాడు.

బరంపురం ఆస్పత్రిలో వేలు పనికిరాదు.
అక్కడ ఊదారంగు సిరాతో గీతలు గీశారు,
ఎడమ పక్క, మొన్నటిదాకా రొమ్ము ఉన్న చోట.
స్నానంలో చెరిగిపోనివ్వకమ్మా అన్నారు.
కోసే ముందు నేనూ కొమ్ము మీద ఇలాగే గీసుకుంటాను
అనబోయి ఊరుకున్నాను.

మొదటి రోజు, తలుపు మూసి అందరూ వెళ్లిపోయాక
గోడలోంచి ఒక గొంతు:
"నిశ్వాస నేయి ధరి రఖంతు."
నాకు ఒడియా వచ్చు, బేరాలన్నీ అందులోనే.
అయినా భయమేస్తే మనిషి చిన్నప్పటి బడికి పరిగెడతాడు.
ఉచ్ఛ్వాసం తీసుకునేది, నిశ్వాసం వదిలేది అని
మా తెలుగు మాస్టారు బెత్తంతో చెప్పిన పాఠం.
ఉన్న గాలంతా వదిలేశాను.
మిషను ఆగిపోయింది.
సునామని నవ్వుతూ వచ్చింది, కెందుఝర్ పిల్ల.
"మావుసీ, ఛాతీ నిండా పీల్చు.
గాలి నిండితే గుండె అవతలికి జరుగుతుంది.
వదిలేస్తే అదొచ్చి కిరణానికి ఎదురు నిలబడుతుంది."
ఒక్క మాటకి
మహేంద్రతనయకి అటొక అర్థం, ఇటొక అర్థం.
మధ్యలో నా గుండె.

పదిహేను రోజులు ఏమీ లేదు.
పదహారో నాడు చంక కింద కందింది,
తర్వాత నేరేడు పండు రంగు, తర్వాత పొరలు.
పాత నూలు జాకెట్టు కూడా గీరుకునేది.
పసుపు వద్దు, కొబ్బరినూనె వద్దు అనేసరికి
మా తోడికోడలు పోలమ్మకి చేతులు కట్టేసినట్టయింది.
వాసన మాత్రం లేదు.
అదే నన్ను భయపెట్టింది.
కాలితే వాసన రావాలి కదా.

మూడు వారాలకోసారి సూది మామూలే.
గురి చూసి కొట్టే మందట.
"ఆ కణం ముఖం దానికి తెలుసు" అన్నాడు చిన్న డాక్టరు.
కిరణానికీ గురే, మందుకీ గురే.
గురి ఉన్నవాళ్లు ఇద్దరు ఒకే ఇంట్లో ఉంటే
గోడలకి దెబ్బ తగలకుండా ఉంటుందా?
ఆ మాట నేను పైకి అనలేదు, మెట్లు అన్నాయి.
మా కొట్టుకి తొమ్మిది మెట్లు.
ఆరో దాని మీద కూర్చుని
ఎవరికోసమో చూస్తున్నట్టు నటించేదాన్ని.
రాత్రికి రెండు తలగడలు. తర్వాత మూడు.

గుండె ఫోటో తీసి ఒక అంకె చెప్పారు.
చైత్రంలో అరవై రెండు, ఇప్పుడు నలభై ఎనిమిది.
వంద ఎవరికీ ఉండదమ్మా, అరవై అంటే బాగున్నట్టే అన్నారు.
ఏది చేసింది, సూదా సెగా? అని అడిగాను.
పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
"విడివిడిగా అయితే చెప్పగలను.
కలిపి ఇచ్చినప్పుడు ఎవరి వాటా ఎంతో
మాకూ పూర్తిగా తెలీదు."
ఎందుకో ఆ మనిషి మీద నమ్మకం ఆ రోజే కుదిరింది.
మామ కూడా వేలు కాల్చుకున్న రోజునే
నాకు ఎక్కువ నచ్చేవాడు.

సూది ఆపారు, ఆరు వారాలు.
పొద్దుటికొకటి చిన్న తెల్ల మాత్ర.
ఆపడమూ భయమే.
సెగ మీంచి తీసేస్తే కొమ్ము మళ్లీ మొండికేస్తుంది,
లోపల ఉన్నదేదో కూడా అంతేనేమో.

నిన్న కొట్టు తెరిచి ఒక కొంగ మెడ వంచాను.
వంచేటప్పుడు చూసుకుంటే
ఊపిరి బిగబట్టి ఉన్నాను,
ఛాతీ నిండా.
ఇరవై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నానేమో,
ఎవరూ గోడలోంచి చెప్పకుండానే.

ఎల్లుండి మళ్లీ గుండె ఫోటో. నాలుగున్నర బస్సు.
సునామనికి ఒక దువ్వెన పట్టుకెళ్తున్నాను.
పళ్లు కాస్త ఎడంగా కోశాను,
దానిది దట్టమైన జుట్టు.