పావు సెకను

ప్రొజెక్టరు బడిది. సోమవారానికల్లా తిరిగిచ్చేయాలి.
మూత మీద ఎవడో పిల్లాడు
కాంపస్ ములికితో ఓడ గీశాడు,
పొగ మాత్రం గీయకుండా వదిలేశాడు.

వల్పరైసోలో ఈ కొండ ఎక్కే లిఫ్టు ఆగిపోయి తొమ్మిదేళ్ళు.
పైనున్న యంత్రాల గది మాకిచ్చారు
తాళంచెవి లేకుండా,
తలుపే లేదు కనుక.
లోపల ఇనప చక్రం ఒకటి,
పళ్ళ మధ్య గ్రీజు, గ్రీజులో పావురాల ఈకలు.
కిటికీ నిండా రేవు,
పేరు చదవలేనంత దూరంలో ఓడలు.

అన్సెల్మో ఉక్కు తాడుకి మైకు అంటించాడు,
రోగి వీపు మీద డాక్టరు గొట్టం ఆనించినట్టు.
సముద్రం గాలి తగిలినప్పుడల్లా తాడు మూలిగింది.
"మంద్రంలో పలుకుతోంది" అన్నాడు మురిసిపోతూ.
"తుప్పులో పలుకుతోంది" అంది రయేన్.

రయేన్ నాట్యం చేస్తుంది.
తెల్లారుజామున చేపల సంతలో ఐసు పగలగొడుతుంది.
ఏ పని దేనికి సాధనో
ఆమె భుజాలని అడిగితే చెప్పవు.

నేను వీడియో.
అంటే, ఆమె కదలికని కదిలినప్పుడే పట్టి
గోడ మీదికి పెద్దదిగా పారబోయడం.

మూడు కళల సంగమం అని కరపత్రంలో రాసుకున్నాం.
ఉన్నది ఒక ప్లగ్గు.
దాని చుట్టూ మూడు వైర్లు, మూడు అలకలు.

అసలు తంటా వేరు.
రయేన్ చెయ్యెత్తితే
గోడ మీది రయేన్ పావు సెకను తర్వాత ఎత్తుతోంది.
వైర్లు మార్చాను. బొమ్మ నాణ్యత తగ్గించాను.
కంప్యూటర్ని బతిమాలాను, తిట్టాను, మళ్ళీ బతిమాలాను.
మూడు రాత్రులు.
"నన్ను నేనే వెక్కిరించుకుంటున్నట్టుంది" అంది ఆమె.
శబ్దాన్ని కూడా ఆలస్యం చేస్తానన్నాడు అన్సెల్మో.
"మరి నా మడమ చప్పుడునో?
దాన్నెక్కడ ఆపుతావ్?"

నాలుగో రాత్రి, దీపాలెవరు వేశారో చూద్దామని
నికనోర్ వచ్చాడు.
ముప్పై ఒక్కేళ్ళు ఈ చక్రం తిప్పినవాడు.
గోడ వైపు చూడలేదు.
చక్రం పన్ను ఒకటి బొటనవేలితో తుడిచి
టీ ఉందా అన్నాడు.
మా గోడు విన్నాక అన్నాడు:

"కింద గంట కొడతారు. నాకు వినిపిస్తుంది.
వినిపించగానే లివరు లాగానా,
ఎవరో ముసలమ్మ కాలు ఇంకా బయటే ఉంటుంది.
ఒక్క ఊపిరి ఆగాలి.
లాగడం ఎవడైనా లాగుతాడు.
ఆ ఊపిరికే నా జీతం."

ఇంకా అన్నాడు:
"రెండు పెట్టెలకీ ఒకటే తాడు.
ఇది దిగితేనే అది ఎక్కేది.
నడిమధ్య ఒక్కచోట కిటికీకి కిటికీ ఎదురవుతుంది.
అక్కడ ఒక పెళ్ళి కుదిరింది తెలుసా,
నాది కాదులే."

రయేన్ గోడ వైపు తిరిగింది.
చెయ్యెత్తి, దించకుండా, ఆగింది.
గోడ మీది ఆమె వచ్చి
ఆ చేతిలో చెయ్యయింది.
ఆగినంతసేపూ ఇద్దరూ ఒక్కరే.
కదిలితే మళ్ళీ ఇద్దరు.

నేను వైరు పట్టుకున్న చెయ్యి వదిలేశాను.
అన్సెల్మో, ఆశ్చర్యం, ఏమీ అనలేదు.

శనివారం ఆట. పందొమ్మిది మంది, రెండు కుక్కలు.
గంట కొట్టే పని నికనోర్‌ది.
కొట్టి, ఊపిరి ఆపి, తల ఊపేవాడు,
అప్పుడు కదిలేది ఆమె,
ఆ వెనక గోడ,
తాడు మాత్రం ఎవరి మాటా వినకుండా
గాలికి నచ్చినప్పుడు మూలిగింది.
ఒక కుక్క గోడ మీది రయేన్‌ని చూసే మొరిగింది,
ఐసు వాసన వేసే రయేన్ పాదాల దగ్గర
తోక ఊపింది.
మధ్యలో ఫ్యూజు పోయింది.
చీకట్లో ఆమె మడమ ఒక్కటే కాసేపు నడిచింది.
అది మేం అనుకున్నదేనని
చప్పట్లు కొట్టారు.

సోమవారం బడిలో
టీచరమ్మ అద్దం తుడిచి చూసి
"ఏమైనా ఇబ్బంది పెట్టిందా?" అంది.
కొంచెం ఆలస్యం అన్నాను.
రిపేరుకి రాయమంటారా అంది, పెన్ను తీస్తూ.

ఆమె పెన్ను కాగితానికి తగిలే లోపు
వద్దు అనాలి.
ఒక్క ఊపిరి ఆగాను.