ఎవరు తలుచుకుంటున్నారో

చీకటి గదిలో
మిస్టర్ రాబ్సన్ కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ అడుగుతున్నాను
ఇది బావుందా, అదా?
ఆయన తేల్చుకునేలోపే
నువ్వు ఆయన మోకాలి మీద ఒక్క తన్ను తన్నావు.
ఓడల యార్డులో వెల్డింగు నిప్పులు చూసి చూసి
చూపు మసకేసిన ముసలాయన
టోపీ తీసి మరీ నీకు సారీ చెప్పాడు.

ఎనిమిదో నెల దాటాక
నాకూ నా పనికీ మధ్య నువ్వే.
చేయి చాపి అందుకునే లెన్సులు
ఇప్పుడు పక్కకి తిరిగి, దొంగలా, అందుకుంటున్నాను.

సండర్లాండ్‌లో బస్సు నా కోసం
ఏనుగులా ఒక పక్కకి వంగుతుంది.
ఎక్కి కూచుని నీతో మాట్లాడతాను, పైకే, తెలుగులో.
ముందు సీటావిడ ఫోననుకుంటుంది.
పగలంతా ఇంగ్లీషులో అరిగిన నాలుక
నీ దగ్గరికొచ్చి కాళ్ళు చాపుకుంటుంది.

డెనీస్ టేపు పెట్టి కొలుస్తుంది,
పూలు మూరేసినట్టు.
వారానికో సెంటీమీటరు, లెక్క సరిపోయిందట.
మొదటిసారి నన్ను 'పెట్' అన్నప్పుడు
కుక్కపిల్లనా నేను అని ఇంటికొచ్చి ఏడ్చాను.
మొన్న ఆ మాట మర్చిపోయి పంపించేసింది,
రోజంతా ఏదో వెలితి.

గుండెల్లో మంటంటే బిడ్డకి జుట్టు ఒత్తుగా ఉంటుందని
తెనాలి నుంచి పెద్దమ్మ.
అచ్చం అదే మాట, డెనీసూ.
ఒకరి ముఖం ఒకరు చూసెరగని ఇద్దరు
నా ఛాతీ మంట దగ్గర వియ్యమందుకున్నారు.

సబ్బు రాసినా రాని ఉంగరాన్ని
దారం చుట్టి చుట్టి తీశాడు క్రాంతి.
మెట్టెల సంగతి నాకు తెలీదు,
నా పాదాలు నేను చూసి నెలవుతోంది.
"ఉన్నాయా?"
"ఉన్నాయి" అంటాడు కింద కూచుని, సాక్సు తొడుగుతూ.
నమ్ముతాను.
అర్ధరాత్రి ఫ్రీజరు గోడ మంచు చెంచాతో గీకి తింటుంటే
చిన్నప్పుడు దాచుకు తిన్న బలపం గుర్తొచ్చింది.
ఆ చప్పుడుకి లేచొచ్చి లైటేశాడు.
ఏం చెప్పను?

ఆ గురువారం మాత్రం
మధ్యాహ్నం నుంచీ నువ్వు కదల్లేదు.
చల్లటి నీళ్ళు తాగాను. ఎడమ పక్కకి తిరిగాను.
పిలిచాను. తట్టాను. తిట్టాను కూడా.
రాత్రి రెండింటికి ఆసుపత్రిలో
పొట్టకి పట్టీ కట్టి ఎవరో మీట తిప్పితే
తడి బట్ట బండకేసి ఉతుకుతున్నట్టు
నీ గుండె.
దబ్ దబ్ దబ్ దబ్, ఎంత తొందరో.
ఊరికే వచ్చి విసిగించానని సారీ చెప్పబోతే
పదిసార్లయినా రమ్మంది ఆ నర్సు.
తిరిగొచ్చే దారిలో క్రాంతి రేడియో కట్టేశాడు.
ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు మూడైంది.
రోకర్ వైపు నుంచి గాలి కిటికీని ఊపుతోంది.
ఎడమకా, కుడికా? ఇది బావుందా, అదా?
ఎటు తిరిగినా
లోపల టక్కు, టక్కుమని
నీకు ఎక్కిళ్ళు.

ఎవరో తలుచుకుంటే ఎక్కిళ్ళొస్తాయంటారు మావాళ్ళు.
ఆ మనిషి పేరు చెప్తే ఆగుతాయట.
నిన్నెవరు తలుచుకుంటారు?
ముఖం లేదు, పేరు లేదు, ఎవరికీ బాకీ లేవు.
అయినా చెప్పి చూస్తాను.
పెద్దమ్మ? టక్కు.
క్రాంతి? నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. టక్కు.
డెనీస్? టక్కు.
మిస్టర్ రాబ్సన్?

ఆగింది.

పగలబడి నవ్వాను.
మంచం ఊగింది, నువ్వూ ఊగావు,
మళ్ళీ మొదలు.

చెప్పని పేరు ఇంకొక్కటే ఉంది.
చెప్పను.
చెప్తే ఆగిపోతుందేమోనని
చేయి పొట్ట మీద వేసుకుని
లెక్కపెడుతూ పడుకున్నాను.