కుళాయి రాని పూట

బుధవారం. ఎస్సౌయిరాలో గాలి తలుపుల్ని తంతోంది.
బల్ల మీద పదిహేడో పిల్లి.
చేపల రేవులో దొరికింది, ఒక చెవి సగమే.
మూడు కిలోల ఇరవై గ్రాములు.
చిగుళ్ళు పాలిపోయాయి. పళ్ళు చూస్తే ఏడేళ్ళుంటాయి.

పట్టుకున్నది హద్దూ, వలలు బాగుచేసే ముసలాయన.
ఎంత బిగించాలో, ఎక్కడ వదలాలో
ఆ వేళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

డాక్టర్ తిలీలా స్టెతస్కోపు ఆనించింది.
గుండె వినపడదే!
ఒళ్ళంతా గురగుర,
పిండిమరలో చెవి పెట్టినట్టు.
కుళాయి తిప్పితే నీళ్ళ చప్పుడుకి ఊరుకుంటాయి పిల్లులు.
తిప్పింది. ఒక్క చుక్క. తర్వాత దగ్గు.
ఈ ఏడూ వానల్లేవు.

హద్దూ వంగి, పళ్ళ సందుల్లోంచి
అల వెనక్కి పోయే చప్పుడు చేశాడు.
ష్‌ష్‌ష్...
పిల్లి గతుక్కుమని ఆగింది.
రేవు గుర్తొచ్చిందేమో.

ఆ కాస్త నిశ్శబ్దంలో
లబ్‌కీ డబ్‌కీ మధ్య
ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ నడిచినట్టు.
తిలీలా కాగితం మీద ఏదో రాసి
గొట్టాలు ముసలాయన చెవుల్లో పెట్టింది.

చాలాసేపు విన్నాడు.
"వలలో ఒక కన్ను తెగింది," అన్నాడు.
"నా సూది అంత లోపలికి పోదు."

"మాత్ర పొద్దున సగం, రాత్రి సగం," అంది ఆవిడ.

ఈలోగా దాని వీపు మీద ఆయన చెయ్యి
ఊరికే ఉండలేదు.
మళ్ళీ గురగుర.
ఇంకేమీ వినపడలేదు.