ఉదాహరణతో వివరింపుము

క్షీణోపాంత ప్రయోజన సూత్రం.
పలికేదానికే నాలిక మడతపడే మాట.
ఎతిరాజులు సారు దాన్ని బోర్డు మీద
ఈ మూల నించి ఆ మూలకి రాసి
చేతులు దులుపుకున్నాడు.

పుస్తకంలో మామిడిపండు ఉండాది.
మొదటిది తేనె, రెండోది తీపి,
అయిదోది చాలబ్బా, ఆరోది వద్దంటే వద్దు.
ఆడికి ఆగుంటే సరిపోయుండు.

ఆగలా.
"మామిడిపండెందుకు, మన మునిజ్యోతి లేదా?
చేరిన కొత్తల్లో మీ కండ్లన్నీ ముందు బెంచీ మీదే.
దీపావళికి సగం.
ఉగాదికి ఆ పిల్లా ఒకటే, ఈ బోర్డూ ఒకటే."
క్లాసంతా పగలబడి నవ్వింది.
నేనూ నవ్వినాను.
ఆ సంగతి ఇంతవరకూ ఎవురికీ చెప్పలా.

వెనక బెంచీలో ఎవుడో ఫోను పట్టుకోనుండాడు.
పంతొమ్మిది సెకండ్లు.
సాయంత్రానికి గాంధీబొమ్మ కాడి టీ అంగట్లో,
రాత్రికి టీవీలో.
నా మొగానికి మసక వేసినారు, పుణ్యాత్ములు.
చున్నీకి వెయ్యలా.
మాయమ్మ చీర చించి కుట్టిన పచ్చ చున్నీ,
అంచుకి చిలకలు.
మురకంబట్టులో ఆ చీర తెలీనోళ్లు లేరు.

తెల్లారి కాలేజీ గేటు కాడ అయిదు మైకులు.
"సారు ఏమన్నాడో ఒక్కసారి నీ నోటితో చెప్పమ్మా."
అదే మాట. నా నోటితో.
రెండు రంగుల జెండాలొచ్చి
ఎవురు ముందు అరవాలని తోసుకున్నాయి.
స్టూడియోలో కూచున్న నలుగురు
స్త్రీజాతి అనే ఒకామె గురించి కొట్లాడుకున్నారు.
ఆమెని నేనెరగను.
అనకూడని మాట అంటానే
ఆ రాత్రి దాన్ని నలభైమూడు సార్లు అన్నారు.
లెక్కపెట్టినాను.

సూత్రం ప్రకారం
మొదటిసారి గుచ్చుకోవాల,
పదోసారికి మొద్దుబారాల,
ఇరవైకి సున్నా.
గీత కిందికి దిగాల కదా సార్?

దిగలా. నాకు దిగలా.
వాళ్లకే దిగింది.
మూడోనాడు పలమనేరు పక్క టమోటా తోటలో
ఏనుగులు పడినాయి.
గేటు కాడ తాగి పారేసిన నీళ్ల బాటిళ్లు మిగిలినాయి,
వాచ్‌మన్ ఏరి గోతంలో వేసుకున్నాడు.

సారుని సస్పెండు చేసినారు.
పాఠం సగంలోనే ఉండిపోయింది.
మిగతా సగం చెప్పేదానికి ఎవురూ రాలా.

ఒకనాడు దర్గా సర్కిల్ కాడ కనిపించినాడు,
చేతిలో మందుల కవరు.
నన్ను చూసి చటుక్కున పక్కకి తిరిగి
అంగట్లో వేలాడే అరటిగెలలో
పండ్లు లెక్కపెడతా నిలబడినాడు.
రెండు ప్రశ్నలుండాయి నా కాడ.
ఎందుకట్లన్నారు సార్?
మొత్తం ప్రయోజనం గరిష్ఠమయ్యేది ఎప్పుడు సార్?
ఏది ముందడగాల్నో తేల్చుకునే లోపల
బస్సొచ్చేసింది.

పరీక్షలో అదే వచ్చింది, పది మార్కులకి.
సూత్రం నిర్వచించి ఉదాహరణతో వివరింపుము.

చానాసేపు పెన్ను మూత కొరుక్కున్నాను.
తర్వాత రాసినాను:
గుడిపాల పక్క పల్పు ఫ్యాక్టరీలో
ఒకామె తోతాపురి కాయలు కోస్తాది.
మొదటి గంట ఆ వాసనకి నోరూరతాది.
మూడో గంటకి వాసన తెలీదు.
ఆరో గంటకి కడుపులో తిప్పతాది.
షిఫ్టు తొమ్మిది గంటలు.

గ్రాఫు గీసినాను.
గీత జారి జారి సున్నా తాకింది.
ఆడ నిలపబోయి, ఆమింకా కోస్తానే ఉంటింది కదా అని
అక్షం దాటించి
కాగితం అంచు దాకా లాగినాను.

బయటికొచ్చి మెట్లు దిగతా ఉంటే తట్టింది,
పేరు రాయలేదు, సరే,
ఆమెని అడిగినానా?

రాత్రి ఇంట్లో చెప్పినాను.
"మా, పరీక్షలో నిన్ను రాసినాను. ఉదాహరణకి."
వేలికి తెగిన కాడ పసుపు అద్దుకుంటా
మాయమ్మ తలెత్తింది.

"ఏమని?"