రెండో సాక్షి

కాశీబుగ్గ రిజిస్ట్రార్ ఆఫీసు గోడకి
ఆనుకునుంటాది నా టీ బడ్డీ.
టీ ఐతే పది రూపాయలు,
సాక్షి సంతకం ఊరికే.

ఇప్పిలి దాలమ్మ వచ్చిన రోజు
మొదటి సాక్షి మందులిచ్చే సూర్యం మాస్టారు,
డెబ్బై దాటిన మనిషి.
లేఖరి గున్నయ్య నా వంక చూసి
"రెండోవాడు కుర్రోడై ఉండాలి,
ఈవిడి కన్నా ముందు పోకూడదు" అన్నాడు.
నా వయసుకి అదే మొదటి ఉద్యోగం.

అరెకరం జీడితోట సవితి కూతురు పోలమ్మకి.
వెండి పట్టీలు అమ్మి కిరాణా బాకీ తీర్చాలి.
రోడ్డు వారనున్న ఆరు చెట్లు మట్టుకు
ఎవరివీ కావు,
వాటి పిక్కల డబ్బుతో ఏటేటా ఎండల్లో
బస్టాండు కాడ కుండనీళ్లు పెట్టాలి.

గున్నయ్య కలం ఆపేడు.
"దీన్ని ట్రస్టంటారు దాలమ్మా."
"అంటే ఏటి బాబూ?"
"నమ్మకం."
"నమ్మకం కూడా రాయించుకోవాలేటి?"

వేలిముద్ర మూడుసార్లు వేయించేరు.
మూడుసార్లూ నల్లటి మచ్చే,
ఒక్క గీతా లేదు.
నలభై ఏళ్లు జీడిపిక్కలు కొట్టిన చెయ్యి.
పుట్టినప్పుడు పడ్డ సంతకాన్ని
జీడి నూనె తినేసింది.

ఆరేళ్లకి పోయింది.
మాస్టారు అంతకు ముందే పోయేరు.
పెద్దకర్మ అయిన మర్నాడు
మరిది కొడుకులు కోర్టుకెక్కేరు.
మిగిలినోణ్ణి నేనొక్కణ్ణే, బోనెక్కేను.

"ఆ రోజు ఆవిడికి మతి స్థిమితంగా ఉందా?"
"రెండు టీలకి యాభై కాగితం ఇచ్చిందండి.
పొరపాట్న ముప్పై రెండు తిరిగిచ్చేను.
గేటు దాకా వెళ్లి లెక్క చూసుకుని
ఎండలో, చెప్పుల్లేకుండా,
ఆ రెండూ తెచ్చి బల్ల మీద పెట్టింది."

"ఈ ముద్ర ఆవిడిదేనని ఎలా అంటావు?
గీతలే లేవే."
"గీతల్లేవు గనకే ఆవిడిదండి."
జడ్జిగారు రాస్తున్న చెయ్యి ఆపి
తన బొటనవేలు తనే చూసుకున్నారు.

"సరే, ఆవిడ ఆస్తిలో నీకేం ముట్టింది?"
సాక్షికి ఏం రాసినా చెల్లదని
గున్నయ్య ఆ రోజే చెప్పేడు.
"రెండు రూపాయలండి," అన్నాను,
"అవీ నావే."

కేసు ఇంకా నడుస్తంది.
కోర్టులో ఉన్నామని చెట్లకి తెలీదు,
కాసేయి, రాలేయి.
ఆ పిక్కలు ఏరే హక్కు ఎవరిదో
మళ్లీ వాయిదాకి గానీ తేలదంట.

మొన్న ఎండ ముదిరిన పూట
బడ్డీ పక్కన ఒక కుండ పెట్టి
మూత మీద గ్లాసు బోర్లించేను.
ట్రస్టూ కాదు, ఏటీ కాదు.
సంతకం చేసినోణ్ణి, నిద్ర పట్టలేదంతే.

మొదట తాగింది మరిది పెద్దకొడుకు.
వాయిదాకి వెళ్తూ ఆగేడు,
గ్లాసు ముంచి, గటగటా తాగి,
చొక్కాతో మూతి తుడుచుకుని
"ఎవరు పెట్టేరు?" అనడిగేడు.

పాలు పొంగుతున్నాయని
నేను అటు తిరిగేను.