తొక్కని మడి

నౌపడ స్టేషన్ దాటాక రైలు కాస్త నెమ్మదిస్తుంది.
కిటికీలోంచి చూడండి:
గళ్ళు, గళ్ళు, గళ్ళు.
కొన్ని సీసాగాజు పచ్చన, కొన్ని పాత ఇటుక ఎరుపు,
ఒక్కటి మాత్రం, ఎందుకో, కడిగి బోర్లించిన పళ్ళెంలా తెల్లన.
ముప్పై రెండేళ్ళు డ్రాయింగు మాస్టారిగా
పిల్లలకి మామిడికాయా చిలకా దిద్దించి,
ఇంటికొచ్చి తలుపేసుకుని నేను గీసుకున్నవి ఇవే.

మా ఆవిడ చుట్టాలకి చెప్పేది:
"ఆయన బొమ్మలు వేస్తారు. బొమ్మలుండవు."

శ్రీకాకుళంలో ఒకసారి, ఎన్జీవో హోములో
పద్దెనిమిది కాన్వాసులు గోడకి తగిలించాను.
ముఖ్య అతిథి మెడ ఇటు వాల్చి, అటు వాల్చి
ఇది కిటికీయా, క్యాలెండరా, అన్నాడు.
ఏమీ కాదండి, చతురస్రం, అన్నాను.
ఏమీ కానిదానికి ఫ్రేము ఎందుకండీ?
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టీ ఇచ్చారు.

ఆ పద్దెనిమిదీ లగేజి ఆటోలో తిరిగొస్తుంటే
భావనపాడు రోడ్డు మలుపులో వాన.
ఉప్పు కొఠారు పాక కింద దింపుకున్నాం.
కోత దాలమ్మ అక్కడే గొంతుక్కూచుని
అడ్డపొగ పీలుస్తోంది.
బొమ్మల్ని చూసినట్టు చూడలేదు,
తన వాటా లెక్క సరిచూసుకున్నట్టు చూసింది.

చుట్ట చేతిలోకి తీసి:
"ఇది కొత్తగా నీరెక్కిన మడి.
ఇది ముదురు నీరు, రెండ్రోజుల్లో పువ్వు కడతాది.
ఈ ఎర్రది దాటిపోనాది. సేదు."
పద్నాలుగో దాని దగ్గర ఆగింది.
అది నాకు ప్రాణం. స్కేలు పెట్టి, టేపు అంటించి,
వెంట్రుకంత వణుకు లేకుండా తెలుపు మీద తెలుపు.
"ఈ మడి ఎవులిది బావూ?"
నాదే.
"ఎవులూ తొక్కనేదు."

తొక్కడమంటే ఏమిటో చెప్పలేదు. లేచి చూపించింది.
మడమ ముందు, తర్వాత వేళ్ళు,
అడుగు పక్కన అడుగు, దాని పక్కన ఇంకో అడుగు,
బురద పలకలా బిగిసేదాకా, వారాల తరబడి.
"తొక్కని మడిలో ఉప్పు మన్ను తింటాది.
పైకి తెల్లగే ఉంటాది. నోట్లో ఏసుకుంటే తెలుస్తాది."

వాన వెలిసింది. చుట్ట మళ్ళీ నోట్లోకి, నిప్పు లోపలికి.

ఆ రాత్రి ఒక గల్లు ఉప్పు భూతద్దం కింద పెట్టాను.
ఆరు ముఖాలు. పన్నెండు అంచులు.
ఒక్క తిన్నని గీతా రాని సముద్రం
ఉన్న నీళ్ళన్నీ ఎండకి పోగొట్టుకున్నాక
చివరికి మిగుల్చుకున్నది ఇది.
పద్నాలుగో కాన్వాసు నేల మీద పరిచాను.
గరుకు కాగితంతో రుద్దాను, పూశాను, మళ్ళీ రుద్దాను,
అరచెయ్యి మంటెత్తేదాకా.
అయినా, దాలమ్మ మడమ కాదు కదా నా చెయ్యి.

అక్టోబరు తుపానుకి గట్లన్నీ పోయాయి.
తెల్లారి సైకిలేసుకుని వెళ్ళాను.
ఆకాశం ఎక్కడ మొదలో తెలియకుండా ఒకే బూడిద రంగు.
గియ్యాలని ఉండీ, భయపడి, ఏళ్ళ తరబడి
నేను దాటేస్తూ వచ్చిన బొమ్మ అది.
బాగుంది, అనుకున్నాను.
అనుకుని సిగ్గుపడ్డాను:
దాని మధ్యలో, మోకాలి లోతు నీళ్ళలో
నలుగురు మనుషులు మునిగిన పారలు వెతుక్కుంటున్నారు.

దాలమ్మ ఒక పుల్ల పాతింది. కొబ్బరితాడు కట్టింది.
నా మొహం చూడకుండానే రెండో కొస చేతికిచ్చి
"ఎనక్కి నడు" అంది.
నడిచాను. తాడు నీళ్ళలోంచి లేచి
బొట్లు రాల్చుకుంటూ బిగిసింది.
"సాలు. కదలకు."

నా చేతి వణుకు
తాడు పొడుగునా వెళ్ళి, వెళ్ళి,
ఆమె పుల్ల దగ్గర ఆగింది.